అమావాస్య లెక్క

20 అక్టోబరు 2014, సోమవారం

తెల్లారి ఆరున్నరకు మా వీధికి కరెంటొచ్చింది. తుఫాను తీరం దాటిన ఎనిమిదో రోజు. ఫ్యాను తిరిగిన చప్పుడుకే వీధంతా కేకలు. అది అయిదు నిమిషాలైనా కాలేదు, డాక్టరుగారి ఫోను. "ల్యాబ్‌కి కూడా వచ్చేసిందట. ఏడింటికి కౌంటర్ తీస్తున్నాం. సర్వర్ లేపెయ్."

నాకు బెంగేమీ లేదు. పదకొండో తారీఖు శనివారం సాయంత్రం, హుద్‌హుద్ విశాఖ మీదికే అని తేలిపోయాక, నా చేత్తో నేనే పద్ధతిగా షట్‌డౌన్ చేశాను. ప్లగ్గులు పీకి, పాలిథీన్ కవరు కప్పి మరీ ఇంటికెళ్లాను. పడుకోబెట్టినవాణ్ణి లేపడమే కదా అనుకుంటూ బటన్ నొక్కాను.

రూట్ డిస్క్ దాటింది. డేటా డిస్క్ దగ్గర తెర మీద ఒక్క వాక్యం పడింది: 204 రోజులుగా చెక్ కాలేదు కాబట్టి తప్పనిసరిగా చెక్ చేస్తున్నానని. అక్కడితో ఆగిపోయింది. ఏడూ పది. పక్కన శాతం అంకె. 0.4. టీ తాగొచ్చాక 3.1.

ఈ చెక్ చేసే ఎఫ్‌ఎస్‌సీకే అయిదు విడతలుగా నడుస్తుంది. మొదటి విడతలో ప్రతి ఫైలుకీ ఉన్న ఐనోడ్, అంటే దాని వివరాల చీటీ, తీసి, దాని బ్లాకులు ఇంకెవరైనా వాడేస్తున్నారా అని చూస్తుంది. రెండో విడతలో డైరెక్టరీల లోపల. మూడులో ప్రతి డైరెక్టరీకీ పైదాకా దారి ఉందా లేదా. నాలుగులో ఎవరిని ఎందరు చూపిస్తున్నారన్న లెక్క. అయిదులో ఖాళీ బ్లాకుల పట్టీ సరిపోయిందా లేదా. కాలంలో పెద్ద భాగం మొదటి విడతే తినేస్తుంది. మా డిస్క్‌లో పెద్ద ఫైళ్లు లేవు, లక్షల కొద్దీ చిన్న రిపోర్టులు.

అవతల ఫాస్టింగ్ బ్లడ్ ఇవ్వడానికి పరగడుపున వచ్చినవాళ్లు. పాత రిపోర్టుతో పోల్చి చూడమని పెద్ద డాక్టర్లు రాసి పంపినవాళ్లు. రక్తం తీయడానికి సర్వర్ అక్కర్లేదు గానీ, పాత నంబరు వెతకడానికి కావాలి. కౌంటర్ అమ్మాయి తెల్ల కాగితాలు చింపి చేత్తో నంబర్లు వేసింది. ఆనందపురం నుంచి వచ్చిన ముసలాయన నా గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "మా ఊళ్లో కరెంటు లేక పన్లు ఆగిపోనాయి. మీకు ఉండీ ఆగిపోనాయేటి నాయనా?"

జవాబు తోచలేదు. తొమ్మిదీ రెండుకి అయ్యింది. గంటా యాభై రెండు నిమిషాలు. దొరికిన తప్పులు: ఒక్కటీ లేదు.

21 అక్టోబరు, మంగళవారం

రాత్రి అందరూ వెళ్లాక ట్యూన్‌టూఎఫ్‌ఎస్‌కి మైనస్ ఎల్ తగిలించి డేటా డిస్క్‌ని అడిగాను. నలభై దాకా వరుసలు చెప్పింది. అందులో నాకు కావలసినవి అయిదు. మౌంట్ కౌంట్, అంటే చివరి చెక్ నుంచి డిస్క్ ఎన్నిసార్లు మౌంట్ అయ్యిందో ఆ లెక్క, 1. గరిష్ఠ మౌంట్ కౌంట్ 27. చివరి చెక్ నిన్న ఉదయం. చెక్ వ్యవధి 1,55,52,000 సెకన్లు, అంటే 180 రోజులు. తర్వాతి చెక్ 2015 ఏప్రిల్ 18.

తారీఖు, గంట, నిమిషంతో సహా డిస్కే రాసి పెట్టుకుని కూర్చుంది. మూడేళ్లుగా నేను అడగలేదు, అంతే.

నమ్మకం చాలక డిస్క్‌నే నేరుగా చూశాను. మొదటి 1024 బైట్లు వదిలేస్తే సూపర్‌బ్లాక్. అందులో 52వ బైటు నుంచి ఆరు బైట్లు తీస్తే: 01 00 1బి 00 53 ఈఎఫ్. రెండేసి బైట్లు, వెనకనుంచి ముందుకి చదవాలి. 1 మౌంట్ కౌంట్, 1బి అంటే 27. చివరి రెండూ ఈఎఫ్53, ఇది ఈఎక్స్‌టీ కుటుంబం అని చెప్పే ఇంటిపేరు. లక్షల రిపోర్టులున్న డిస్క్ నిన్న రెండు గంటలు మా నోళ్లు మూయించింది ఈ పక్కనే ఉన్న నాలుగు బైట్ల తారీఖు చూసుకునే.

ఈ 27 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫార్మాట్ చేసినప్పుడు నేనేమీ ఇవ్వలేదు. ఫార్మాట్ చేసే ఎంకేటూఎఫ్‌ఎస్ పాత సోర్సు తెరిచి చూస్తే నవ్వొచ్చింది. డిస్క్‌కి పెట్టే యూయూఐడీ ఉంటుంది కదా, పదహారు బైట్ల పొడుగు పేరు. ఆ బైట్లన్నీ కూడి, 20తో భాగించి, మిగిలినదాన్ని 20కి కలుపుతుంది. అంటే 20 నుంచి 39 లోపు ఎవరి అదృష్టం వారిది. మెషీన్‌లో ఉన్న డిస్కులన్నీ ఒకే రోజు చెక్‌కి కూర్చోకుండా ఈ ఏర్పాటు. నామనక్షత్రం చూసి ముహూర్తం పెట్టడమే, ఇంకేమిటి!

22 అక్టోబరు, బుధవారం

అసలు ఎందుకీ చెక్ అని డాక్టరుగారు అడిగారు. నిన్నటి నుంచి నేనూ నన్ను అడుగుతున్నాను.

ఈఎక్స్‌టీ2 నాటికి, అంటే 1993లో, చేయబోయే మార్పుల్ని ముందే రాసి పెట్టుకునే జర్నల్ లేదు. కరెంటు పోతే సగం రాసిన రాత సగంలోనే ఉండిపోయేది, ప్రతిసారీ మొత్తం వెతుక్కోవాల్సిందే. 2001 చివర్లో 2.4.15 కెర్నెల్‌తో ఈఎక్స్‌టీ3 వచ్చాక జర్నల్ చూసుకుని క్షణాల్లో లేస్తుంది. కానీ జర్నల్ కాపాడేది కరెంటు దెబ్బనుంచే. వదులైన కేబులు, చెడిపోతున్న ర్యామ్, చచ్చిపోతున్న డిస్క్, కెర్నెల్‌లో పొరపాటు, ఇవి చప్పుడు చేయకుండా చెడగొడతాయి. అందుకని ఈ వేళాపాళా చూసుకునే చెక్‌ని అలాగే ఉంచారు. 2011 నవంబరులో వచ్చిన, ఈ పనిముట్లన్నీ ఉండే ఈటూఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 1.42 నుంచి మాత్రం, కొత్తగా ఫార్మాట్ చేసే డిస్క్‌కి ఇది మామూలుగా ఉండదు. కావాలంటే మనమే పెట్టుకోవాలి.

మరి మా సర్వర్ డెబియన్ 7కి మారి ఏడాది దాటిందే? మారింది సిస్టమ్. డిస్క్ మాత్రం 2011లో డెబియన్ 6 కింద ఫార్మాట్ అయినదే. అద్దె ఇల్లు మారినంత మాత్రాన జాతకం మారుతుందా?

23 అక్టోబరు, గురువారం, దీపావళి

మా వీధిలో మతాబాలు కాల్చడానికి ఎవరికీ మనసొప్పలేదు. రోడ్డుకి రెండు వైపులా ఎండిపోయిన కొమ్మల గుట్టలు. గుమ్మంలో నాలుగు ప్రమిదలు పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇంతకాలం చెట్ల వెనకున్న కొండ ఇప్పుడు బోసిగా కిటికీ నిండా కనిపిస్తోంది.

స్క్రిప్టు చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఎఫ్‌స్టాబ్ అనే పట్టీలో ఉన్న డిస్కుల్ని వరసగా తీసుకుని, ఒక్కొక్కదాన్నీ ట్యూన్‌టూఎఫ్‌ఎస్‌తో అడిగి, ఇంకా ఎన్ని బూట్లున్నాయి, ఎన్ని రోజులున్నాయి అని చెప్పాలి. ఉబుంటులో ఇలాంటిది ఉంది, లాగిన్ అవగానే "తర్వాతి రీబూట్‌కి ఈ డిస్క్ చెక్ అవుతుంది" అంటుంది. పెళ్లికొడుకు వీధి మలుపు తిరిగాక చెప్పే కబురు అది. నాకు నెల ముందు కావాలి.

ఇరవై లైన్లు. గంటన్నర మాత్రం ఒక్క కోలన్ దగ్గర పోయింది. ప్రతి వరుసనీ కోలన్ దగ్గర విడగొట్టి రెండో ముక్క తీసుకోమన్నాను. మౌంట్ కౌంట్‌కి బాగానే వచ్చింది. చివరి చెక్ తారీఖులో గంటకీ నిమిషానికీ మధ్య కూడా కోలనే కదా! "సోమవారం అక్టోబరు 20 07" దగ్గర తెగిపోయింది, చివరున్న 2014 గల్లంతు. మొదటి కోలన్ దాకా ఉన్నది తీసేసి మిగతాదంతా ఉంచమని మార్చాను. పదకొండింటికి అమ్మ వచ్చి ప్రమిదల్లో నూనె అయిపోయిందని చెప్పింది.

27 అక్టోబరు, సోమవారం

స్క్రిప్టుని ఈ ఉదయం సర్వర్ మీదా, కౌంటర్ మెషీన్ మీదా నడిపాను. సర్వర్‌లో బ్యాకప్ డిస్క్ దగ్గర ఎర్రగా కూసింది: గడువు దాటి 15 బూట్లు అయ్యిందట. గుండె జారింది. చూస్తే దాని గరిష్ఠ మౌంట్ కౌంట్ మైనస్ 1. నిరుడు డెబియన్ 7 వచ్చాక కొన్న డిస్క్ అది, కొత్త పద్ధతిలో ఫార్మాట్ అయింది. మైనస్ ఒకటి అంటే "నన్ను లెక్కలోకి తీసుకోకు" అని. నా స్క్రిప్టు బుద్ధిమంతుడిలా మైనస్ 1 లోంచి 14 తీసేసి మైనస్ 15 అంది. పైగా ఆ డిస్క్‌కి ఎఫ్‌స్టాబ్‌లో ఆరో అంకె సున్నా. ఆరో అంకె 1 అయితే ముందు, 2 అయితే తర్వాత, 0 అయితే అసలు చెక్ వైపే చూడదు. సూపర్‌బ్లాక్ ఏం మొత్తుకున్నా అంతే. ఒకే వరుసలో రెండు తప్పులు చేశాను.

కౌంటర్ మెషీన్ సంగతి వేరు. మౌంట్ కౌంట్ 20, గరిష్ఠం 25. రోజూ పొద్దున్న ఆన్, రాత్రి ఆఫ్. ఇంకా అయిదు బూట్లున్నాయి. వేళ్ల మీద లెక్కేసి, "వచ్చే సోమవారం, మూడో తారీఖు పొద్దున్న నీ మెషీన్ పది నిమిషాలు మొరాయిస్తుంది" అని కౌంటర్ అమ్మాయికి చెప్పాను.

ఆ అమ్మాయి నవ్వింది. "మూడో తారీఖు కాదండి అన్నయ్యా, ఇరవై రెండు. అది అమావాస్యకే గదా ఆగుద్ది."

అర్థం కాలేదు. ఇంకో అమ్మాయి కూడా అవునంది. ఏడాదిగా చూస్తున్నారట. నెలకోసారి, అమావాస్యకి అటో ఇటో, మెషీన్ తెల్లారే నల్ల తెరతో కూర్చుంటుంది. ఆ రోజు వీళ్లు ముందే రసీదు పుస్తకం తీసి పెట్టుకుంటారు. నాకు చెప్పలేదేం అంటే, "చెప్తే అమావాస్య మానేస్తుందేటి?"

గదిలోకొచ్చి కాగితం మీద వేసి చూశాను. వారానికి ఆరు రోజులు పని. 25 బూట్లంటే నాలుగు వారాల మీద ఒక రోజు, 29 రోజులు. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర. యూయూఐడీ బైట్లు కూడగా, 20తో భాగించగా, 5 మిగిలిన పుణ్యం! పండగ సెలవులు ఒకటీ అరా కలిస్తే ఇంకా దగ్గరపడుతుంది. సెప్టెంబరు 24న మహాలయ అమావాస్య రోజుల్లో కూడా ఆగిందట. లాగ్‌లో అదే తారీఖు ఉంది.

నేను మూడేళ్లలో చేయని పని వాళ్లు ఏడాదిలో చేశారు. మొన్నటి ఎనిమిది రోజుల చీకటితో వాళ్ల లెక్క తప్పిందని మాత్రం వాళ్లకి తెలీదు. మూడో తారీఖని గోడ మీద పెన్సిల్‌తో రాశాను.

31 అక్టోబరు, శుక్రవారం

ఇవాళే ఆగింది.

అమావాస్యా కాదు, నా సోమవారమూ కాదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి కరెంటు పోయింది. కౌంటర్ కింద యూపీఎస్ బ్యాటరీ తుఫాను నాటి నుంచి నిలవడం లేదు, మెషీన్ టక్కున పోయింది. వచ్చాక ఆన్ చేశారు. అది ఇరవై అయిదో మౌంట్. రెండూ పదికి మళ్లీ పోయింది. మూడోసారి ఆన్ చేసేసరికి గడువు నిండింది, చెక్‌కి కూర్చుంది. జనం ఉన్న వేళ, పదకొండు నిమిషాలు.

"ఇద్దరం ఓడిపోనాం అన్నయ్యా" అంది కౌంటర్ అమ్మాయి. స్తంభాలు కొత్తగా నిలబెడుతున్నారు, వచ్చే నెలంతా ఇంతేనట. నా స్క్రిప్టు రోజుకొక్క బూటనుకుంది. డిస్క్‌కి రోజులు తెలీవు, ఎన్నిసార్లు లేపారో అదే తెలుసు.

2 నవంబరు, ఆదివారం

రోజుకొకటి అనే ఊహ తీసేశాను. లాస్ట్ రీబూట్ అని అడిగితే మెషీన్ ఎప్పుడెప్పుడు లేచిందో చెబుతుంది, దాన్నించి సగటు తీయమన్నాను. మొదట రెండే బూట్లు చూపించింది. ఒకటో తారీఖున ఆ వివరాలుండే పాత డబ్ల్యూటీఎంపీ ఫైలు పక్కకి జరిగి కొత్తది మొదలైందని మరిచిపోయాను. జరిగిపోయినదాన్ని కూడా కలిపి చదవమంటే సరిపోయింది.

ఇంత చేశాక సర్వర్ విషయంలో తేలిందేమిటంటే, మౌంట్ల లెక్క దండగ. మార్చి 30 నుంచి తుఫాను దాకా అది లేచింది తొమ్మిదిసార్లు. ఈ నడకన 27 నిండాలంటే ఏడాదిన్నర పైమాటే, 180 రోజులు ఎప్పుడో ముందొచ్చేస్తాయి. కౌంటర్ మెషీన్‌కి తలకిందులు, దానికి రోజుల లెక్క దండగ. పైగా రోజులు నిండిన రోజునే చెక్ జరగదు. నిండాక ఎప్పుడు బూట్ అయితే అప్పుడు. సెప్టెంబరు 26 నుంచే మా సర్వర్ నిండు నెలలతో ఉంది. రీబూట్ లేదు కాబట్టి ఎవరికీ తెలీలేదు.

అందుకని చివర ఇంకో గడి చేర్చాను: "ఇప్పుడు కరెంటు పోయి వస్తే?" అవును, కాదు. అన్ని అంకెల్లోకీ పనికొచ్చేది అదే అనిపిస్తోంది.

8 నవంబరు, శనివారం

అకౌంట్స్ గదిలో మెషీన్. స్క్రిప్టు ప్రకారం ఇంకా 90 రోజులుంది, పొద్దున్నే చెక్‌కి కూర్చుంది. కారణం చదివితే: చివరి చెక్ భవిష్యత్తులో జరిగిందట! మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయి, గడియారం ఏళ్ల వెనక్కి పోయింది. ఆ లెక్కన ఆగస్టులో చేసిన చెక్ ఇంకా రాని కాలానిదే మరి. ముప్పై రూపాయల సెల్. స్క్రిప్టులో దీనికి గడి పెట్టలేదు, పెట్టను కూడా.

16 నవంబరు, ఆదివారం

డాక్టరుగారితో అరగంట. స్క్రిప్టు చూపించాను. అన్నీ విని, "ఆ చెక్కేదో తీసేస్తే పోదూ?" అన్నారు. తీసేయొచ్చు. ట్యూన్‌టూఎఫ్‌ఎస్‌లో రెండు సున్నాలు, ఒక్క నిమిషం. ఎందరో అదే చేస్తారు, కొత్త డిస్కులు అలాగే పుడుతున్నాయి కూడా.

"షుగర్ బయటపడుతోందని షుగర్ టెస్టు మానేయమంటారా సార్?"

నవ్వి, ఎంతవుతుందని అడిగారు. అప్పుడు చెప్పాను: చెక్‌తో ఇబ్బంది లేదు, రెండు గంటలతోనే ఇబ్బంది. మా పాత డిస్క్‌లో ఉన్న ఈఎక్స్‌టీ3లో ఐనోడ్ పట్టీలు వాడినా వాడకపోయినా మొత్తం చదవాలి. ఈఎక్స్‌టీ4లో ముట్టుకోని భాగాలకు గుర్తు ఉంటుంది, వాటిని వదిలేస్తుంది. కొత్త డిస్క్ కొని, ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసి, రిపోర్టులన్నీ అందులోకి పోయాలి. పాత డిస్క్‌ని అక్కడికక్కడే మార్చే దారి ఉంది కానీ పాత పట్టీలు పాతవే, నాకు ఇష్టం లేదు. డిస్క్‌తోపాటు కౌంటర్‌కి యూపీఎస్ బ్యాటరీ కూడా ఒప్పించాను.

30 నవంబరు, ఆదివారం

నిన్న రాత్రి తొమ్మిదికి కాపీ మొదలుపెట్టి ఇక్కడే బల్ల మీద పడుకున్నాను. ఆరింటికి అయ్యింది. వాచ్‌మన్ తాత ఇడ్లీ తెచ్చాడు. ఫైళ్ల సంఖ్య రెండు వైపులా సరిచూసి, కొత్త డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి, బలవంతపు చెక్ నడిపాను. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాను.

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఇడ్లీ ఇంకా వేడిగానే ఉంది.

కొత్త డిస్క్ కాబట్టి మైనస్ 1, సున్నా అని పుట్టింది. మౌంట్ల గడువు అలాగే వదిలేశాను. రోజుల గడువు మాత్రం నేనే 180 పెట్టాను. తర్వాతి చెక్ 2015 మే 29 అని చూపిస్తోంది. స్క్రిప్టుని ప్రతి సోమవారం ఉదయం నడిచేలా క్రాన్‌లో పెట్టాను. 150 రోజులు దాటిన డిస్క్ ఏదైనా ఉంటే నాకు మెయిల్ వస్తుంది, గడువు నిండేలోపు ఒక ఆదివారం చూసుకుని నా అంతట నేనే చెక్ చేసేస్తాను. కరెంటుకి ఆ పని అప్పజెప్పను.

కౌంటర్ మెషీన్‌కి మౌంట్ల లెక్క తీసేసి రోజుల లెక్కే ఉంచాను. అమ్మాయిలకి చెప్పాను, ఇక అమావాస్యకి ఆగదని. నమ్మలేదు.

24 డిసెంబరు, బుధవారం

మొన్న ఇరవై రెండో తారీఖు, సోమవారం, అమావాస్య వెళ్లే తెల్లారి. కౌంటర్‌లో రసీదు పుస్తకం, రెండు పెన్నులు తీసి పెట్టుకుని కూర్చున్నారు. మెషీన్ మామూలుగానే లేచింది. పుస్తకం లోపల పెట్టలేదు, పక్కనే ఉంచారు.

ఇవాళ మందుల ఏజెన్సీ కుర్రాడు 2015 గోడ క్యాలెండరు ఇచ్చి వెళ్లాడు. ఏప్రిల్ కాగితం తిప్పి 26వ తేదీ ఆదివారం గడిలో ఎర్ర పెన్నుతో "డేటా డిస్క్, ఉదయం 6" అని రాశాను.